పెంచినవారి పేర్లు

తూర్పు చాళుక్య శాసనాలలో ఒక కథ ఉన్నది. విజయాదిత్యుడు యుద్ధంలో మరణించగా, గర్భవతియైన రాణికి ముడివేములో విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయమిచ్చి, పుట్టిన బిడ్డను పెంచాడట. ఆ ముడివేము మా పెద్దముడియమేనంటారు.

యూనిక్స్ తరహా నిర్వాహక వ్యవస్థ డెబియన్ చరిత్ర చదివితే నాకా కథే స్ఫురిస్తుంది. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించి, 1996లో సారథ్యం వదిలారు. నాటినుండి పెంచుతున్నది స్వచ్ఛంద సేవకులే. సంరక్షకులు తప్పుకొన్న ప్యాకేజీని అక్కడ ‘అనాథ’ అంటారు. మరొకరు ‘దత్తత’ తీసుకుంటారు.

2005లో హైదరాబాదులో పుట్టిన ‘స్వేచ్ఛ’ సభ్యులు ఇటువంటి వ్యవస్థనే తెలుగులోకి తెచ్చారు. కానీ ప్రతి కొత్త వెర్షనుతో అనువదించవలసిన వాక్యాలు పుడుతూనే ఉంటాయి. దత్తతకు ఎవరూ రాకుంటే తెరపై మళ్ళీ ఇంగ్లీషే.

శాసనం పెంచినవాని పేరునూ చెక్కింది, మిత్రులారా! మన అనువాదకుల పేర్లు ఎందరికి తెలుసు?