పూండి నుయ్యి నుంచి హిరమండలం నీటి వరకు

మన సొసైటీ సంచికలో మసీదుల గురించి, గతించిన పెద్దల గురించి రాసేవారు ప్రతి ఏడూ ఉన్నారు. ఈసారి మేము నీటి గురించి రాయదలచాము. వుజూ చేసేటప్పుడు చేతిలో పడే నీరు ఎక్కడిది, దానిని ఎవరు పరీక్షించారు అని మనలో ఎందరం అడిగి ఉంటాము?

రూమా బావి సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. మదీనాలో తాగునీరు కొనుక్కోవలసి వచ్చిన రోజుల్లో హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ బావిని కొని అందరికీ వక్ఫ్ చేశారు. నీరు ఒక్కడి చేతిలో ఉంటే ఊరికి ఏమవుతుందో ఆనాడే తెలుసునన్నమాట.

మా ఉద్దానం ఇసుక నేల. పూండి నుంచి సముద్రం వైపు ఎటు పోయినా కొబ్బరి, జీడి తోటలే. ఉద్యానవనమే ఉద్దానమైందని పెద్దలు చెబుతారు. ఇక్కడ కొద్దిలోతు తవ్వితే చాలు, నుయ్యి ఊరేది. మా దాదీ బిందె మూతికి బట్ట కట్టి నీరు వడగట్టేది. నూతిలో ఏ పిల్లి పడినా సాయంత్రానికల్లా ఊరంతా తెలిసేది, మగవాళ్లు దిగి తోడిపోసేవారు. అలాగని పాతకాలమంతా బంగారమని మేము అనము. కలరా వచ్చిందీ అటువంటి నూతుల నుంచే.

1936 దాకా ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1884లో చేసిన స్థానిక బోర్డుల చట్టంతో నీరు, పారిశుద్ధ్యం బోర్డుల పని అయ్యాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 1959లో పంచాయతీ సమితులు, 1986లో వాటి స్థానంలో మండలాలు వచ్చాయి. బోర్డు పేరు ఎన్నిసార్లు మారినా ఊరివారికి కనబడిన తనిఖీ మాత్రం ఒక్కటే: పంచాయతీ మనిషి వచ్చి నూతిలో బ్లీచింగ్ పౌడరు వేసి పోవడం. ఆ వాసన ముక్కుకు తెలిసేది. వెయ్యకపోతే అదీ తెలిసేది, అడిగేవారు.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమయ్యాక ఉత్తరాంధ్రకు దాని కరెంటు రావడం మొదలైంది. తరువాత బోరింగులు వచ్చాయి, మోటార్లు, ట్యాంకులు, కుళాయిలు వచ్చాయి. ఆడవారి నడుములకు విశ్రాంతి దొరికింది, ఇది చిన్న సంగతి కాదు. కాని నీరు తోడే పని కరెంటు తీగ మీదికి పోయింది. నీరు మంచిదా కాదా అని చెప్పే పని పట్నంలోని లేబరేటరీకి పోయింది. ఆ రెండూ ఊరి కంటికి కనబడవు.

1990ల నుంచి ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాట బయటపడింది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు... ఎక్కడ చూసినా ఇంటికొక కథ. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో పరీక్షించిన ప్రతి వందమందిలో సుమారు 18 మందికి ఈ జబ్బు కనబడింది. నీరే కారణమని నేటికీ రుజువు కాలేదు. ఎండలో చాకిరి అన్నారు, నొప్పి మాత్రలన్నారు, పురుగుమందులన్నారు. ఏదీ తేలలేదు. తేలకపోవడానికి ఒక కారణం మాకు తోస్తున్నది: మా నూతుల నీటికి, మా బోర్ల నీటికి ఏటేటా చేసిన పరీక్షల లెక్క ఊళ్లలో లేదు. ఉంటే ముప్ఫై ఏళ్ల నీటి చరిత్ర డాక్టర్ల ముందు పెట్టగలిగేవారము.

ఇక కరెంటు సంగతి. సోంపేట బీల అంటే ఏడాది పొడుగునా తడి ఉండే చిత్తడి నేల. చుట్టుపక్కల పొలాలకు, చేపలు పట్టేవారికి అదే ఆధారం. కాగితాల్లో అది బంజరు. అక్కడ థర్మల్ కేంద్రం కట్టడానికి 2008లో ప్రభుత్వం భూమి కేటాయించింది. 2006 నాటి నిబంధన ప్రకారం ఇటువంటి ప్రాజెక్టు నివేదిక స్థానిక సంస్థలకు ఇవ్వాలి, బహిరంగ విచారణ జరపాలి. కాని పంచాయతీ తీర్మానం వద్దంటే ఆగిపోవాలని అందులో లేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ అదే గొడవ, అవే తుపాకులు. కరెంటు వద్దని ఆ జనం అనలేదు. వారి ఇళ్లలోనూ బల్బులున్నాయి. నీరున్న చోటు కాక మరొక చోటు చూడమన్నారు, అంతే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరాన్నే తాకింది. కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో పడిపోయాయి. ట్యాంకు ఉన్నది, బోరు నిండా నీరున్నది, మోటారు తిరగదు. పిల్లలు బిందెలు పట్టుకొని ట్యాంకరు కోసం రోడ్డు మీద నిలబడ్డారు. కొన్నిచోట్ల మూతవేసిన నూతులు తెరిచి చేద వేశారు. నీటి పథకానికీ కరెంటు పథకానికీ రెండు ఫైళ్లెందుకో మాకు ఆ వారం అర్థం కాలేదు.

2023 డిసెంబరు 14న, 700 కోట్ల రూపాయలతో హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకం ప్రారంభమైంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని కూడా ఆ రోజే తెరిచారు. అల్‌హందులిల్లాహ్, చేసినవారికి పుణ్యం దక్కాలి. అయితే ఈ నీరు కూడా పంపుల మీదనే వస్తుంది.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ నిబంధనల్లో ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు పరీక్ష పెట్టె ఇచ్చి నీటిని చూడడం నేర్పాలని ఉన్నది. ఒకసారి గ్రామసభలో పరీక్ష ఫలితం చూపించండని మేము అడిగితే, కాగితం ఆఫీసులో ఉన్నదని జవాబు వచ్చింది. ఏ ఆఫీసో చెప్పలేదు. రాబోయే సభకు మన సొసైటీ తరఫున పదిమందిమైనా పోవాలనుకుంటున్నాము, ఆడవారు కూడా రావాలి. అడగవలసినవి రెండే: కిందటిసారి నీరు ఏ తేదీన పరీక్షించారు, ఏమి వచ్చింది? ఈసారి తుఫానులో కరెంటు పోతే మోటారుకు జనరేటరు ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్ని గంటల్లో వస్తుంది?