చౌగాన్ కర్ర నసీబ్ చెబుతుందా?

గిద్దలూరులో ఉన్న మా భాంజీకి మొన్న ఫోన్‌లో ఎవరో టారో పత్తా తీసి చూపించారు. మబ్బులోంచి ఒక చెయ్యి కర్ర పట్టుకుని ఉంటుంది. దాని మతలబ్ కొత్త అవకాశమట. ఇంకేం, ఒంగోలు ఉద్యోగానికి రాజీనామా చేస్తానని కూర్చుంది.

"మార్కాపురం బజారులో చిలక జోస్యం దగ్గర ఆగితేనే అమ్మీ చెవి మెలిపెట్టేది. ఇప్పుడు చిలకే ఫోన్‌లోకొచ్చిందిరా" అని ఆపా ఏడుపు.

భాంజీతో హలాల్, హరాం బహస్ పెట్టలేదు. ఆ కర్ర తారీఖ్ చెప్పాను.

ఇస్తాంబుల్ తోప్‌కాపీ మ్యూజియంలో ఈజిప్టు మమ్లూకుల కాలపు పేకముక్కలున్నాయి. వాటి మీద నాలుగు గుర్తులు: ప్యాలా, దీనార్, తల్వార్, చౌగాన్. చౌగాన్ అంటే గుర్రమెక్కి ఆడే పోలో. 1210లో లాహోర్‌లో కుతుబుద్దీన్ ఐబక్ జాన్ పోయింది ఆ ఆటలోనే. 14వ శతాబ్దంలో ఈ పత్తాలు యూరప్ చేరాయి. అక్కడివాళ్లకు చౌగాన్ తెలీదు. దాంతో పోలో కర్ర కాస్తా ఉత్త కర్ర అయిపోయింది. 15వ శతాబ్దంలో ఇటలీవాళ్లు కొన్ని బొమ్మల ముక్కలు కలిపి టారో తయారుచేశారు. అదీ ఆటకే! జోస్యంగా దానికి పేరొచ్చింది 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో. భాంజీ చూసిన బొమ్మ పామెలా కోల్మన్ స్మిత్ గీసింది, 1909లో లండన్‌లో అచ్చయింది.

మనవాళ్లు ఫాల్ చూడలేదని కాదు. 17వ శతాబ్దం తొలి రోజుల గోల్కొండ బొమ్మల ఫాల్‌నామా ఒకటి ఖలీలీ సేకరణలో ఇప్పటికీ ఉంది.

"అయితే మామూ, అది పోలో కర్రా?" అని రెండుసార్లు అడిగింది. రాజీనామా ఇంకా పంపలేదని ఆపా రాత్రి చెప్పింది.