మేక తిన్న పటం

తెరచాప పడవలో ఒంటరిగా భూమిని చుట్టి వచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకమ్. కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నావికుడు. ఒక పొలంలో శిథిలమై పడి ఉన్న ‘స్ప్రే’ అనే పాత పడవను 13 నెలలు కష్టపడి తన చేతులతోనే తిరిగి కట్టుకున్నాడు. సామగ్రికి అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. దాని పొడవు 37 అడుగులకు కాస్త తక్కువ. 1895 ఏప్రిల్ 24న బోస్టన్‌లో బయలుదేరి, 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరాడు. మూడేళ్లకు పైగా వంట, పడక, చదువు అన్నీ ఆ పడవలోనే.

ఆ ప్రయాణంలో తుపానులున్నాయి, దొంగల భయం ఉంది. మనం ఈరోజు చూడబోయేది మాత్రం ఒక మేక సంగతి.

1898 ఏప్రిల్‌లో స్లోకమ్ సెయింట్ హెలీనా ద్వీపంలో ఆగాడు. అక్కడ పరిచయమైన ఒక అమెరికన్, కుక్కలాగే తోడుగా ఉంటుందని చెప్పి ఒక మేకను పడవ ఎక్కించాడు. మేక గుణం మనకు వేరే చెప్పాలా? కట్టిన తాడు కొరికింది. స్లోకమ్ పడవ ముందు భాగంలో పనిలో ఉండగా కరీబియన్ సముద్రపు పటాన్ని నమిలి మింగేసింది. తరువాత అతని గడ్డి టోపీని కూడా తినేసింది. దాంతో ఏప్రిల్ చివర అసెన్షన్ ద్వీపం రాగానే దాన్ని దింపేశాడు. గొలుసుతో కొయ్యకు కట్టాల్సింది, గడ్డితాడుతో కట్టడమే పొరపాటని అతడే రాసుకున్నాడు.

అక్కడితో పీడ విరగడైందని అనుకుంటాం. పటం పోయిన నష్టం ఆ రోజు తెలియలేదు. అది అవసరమయ్యే సముద్రం ఇంకా ఎంతో దూరంలో ఉంది.

మే 20 సాయంత్రం టొబాగో ద్వీపం కనబడింది. రాత్రి ఆ తీరం వెంట సాగుతుండగా, పడవకు ఎడమవైపు ఉన్నట్టుండి తెల్లగా ఏదో మెరిసింది. రాతి దిబ్బ మీద అలలు విరిగిపడుతున్నాయని అనుకున్నాడు. పడవను తిప్పాడు. మళ్లీ మెరిసింది. ఇటు తిప్పినా, అటు తిప్పినా ఆ మెరుపు కాస్త దగ్గరికే వస్తున్నట్టుంది. ఎదురు ప్రవాహంతో గంటల తరబడి పెనుగులాడాడు. అది పగడపు దిబ్బే అని అతనికి అనుమానమే లేదు. ఆ చుట్టుపక్కల ఏమున్నదో చెప్పగల కాగితం మేక కడుపులోకి పోయింది.

చివరికి ఒక పెద్ద అల పడవను పైకి ఎత్తింది. ఆ ఎత్తు నుండి చూస్తే దిబ్బా లేదు, రాళ్లూ లేవు. ముప్పై మైళ్ల దూరాన ట్రినిడాడ్ ద్వీపంలో తిరుగుతున్న దీపస్తంభపు వెలుగు అలల మీద పడి మెరుస్తోంది! అంతసేపూ అతణ్ణి భయపెట్టింది అదే. ఆ మేక తోలును డెక్కుకు మేకులు కొట్టి బిగించగలిగేంత కోపం వచ్చిందట పాపం. రెండు రోజుల తరువాత క్షేమంగా గ్రెనడా చేరాడు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించుదాం. ఆ దీపం అబద్ధమాడలేదు. నావికులను కాపాడటానికి కట్టిన దీపమే అది, ఆ రాత్రి తన పని తాను సరిగానే చేస్తోంది. దీపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో నావికుడికి చెప్పేది పటం. అది లేకపోయేసరికి, అనుభవం పండిన నావికుడికి కూడా కాపాడే వెలుగు ముంచే రాయిలా కనబడింది.

మన బ్రతుకుల్లోనూ చిన్న నష్టాలు జరిగిన చోట నొప్పి పెట్టవు. ఒక మంచి అలవాటు పోతుంది, ఒక పెద్దమనిషి సలహా పోతుంది. మేకను దింపేశాం కదా అని మరచిపోతాం. చీకటి రాత్రి మనకు మేలు చేసే మాటే మనకు ప్రమాదంలా తోచినప్పుడు, పోయింది ఉత్త కాగితం కాదని తెలుస్తుంది. తాడు ఏ పాటి గట్టిదో పగలుండగానే చూసుకుందాం.