అమెరికా తోటలలో బానిసల వాడలు

భిక్షు జీవనానికి తథాగతుడు నాలుగు ప్రత్యయాలను నిర్దేశించాడు: చీవరం, పిండపాతం, శయనాసనం, రోగికి ఔషధం. మనిషి బతకడానికి ఇంతకంటే తక్కువ హద్దు ఉండదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పొగాకు, వరి, చెరకు, పత్తి తోటలలో ఆఫ్రికన్ సంతతి బానిసలు ఎలా బతికారో తరగతిలో చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఈ నాలుగింటినే కొలమానంగా తీసుకుంటాను. వాటిలోనూ శయనాసనం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. తిండి, బట్టల లెక్కలు యజమానుల పద్దులలో ఉన్నాయి. ఇల్లు మాత్రం నేలలోనే తన గుర్తులు వదిలింది.

1860 జనగణన నాటికి ఆ దేశంలో బానిసల సంఖ్య 39 లక్షల 50 వేలు దాటింది. వారి కోసం అధికారులు ప్రత్యేక పట్టిక తయారుచేశారు. అందులో యజమాని పేరు ఉంటుంది. దాని కింద బానిస వయసు, స్త్రీయో పురుషుడో, శరీరవర్ణం ఉంటాయి. అరుదైన మినహాయింపులు తప్ప బానిస పేరు ఉండదు. అయితే ఆ ఏడాది ఒక కొత్త గడి చేర్చారు: యజమానికి ఎన్ని బానిస ఇళ్ళు ఉన్నాయి? గుడిసెకు లెక్క దొరికింది, అందులో పడుకున్న మనిషికి పేరు దొరకలేదు.

ఆ గుడిసెలు ఎలా ఉండేవి? ఇంగ్లండుకు చెందిన నటి ఫానీ కెంబుల్ జార్జియాలోని ఒక వరి తోట యజమానికి భార్య. 1838–39 శీతకాలం అక్కడ గడిపి, చూసినదంతా దినచర్యగా రాసుకుంది. ఇల్లంటే 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల ఒకే గది; పక్కన పడుకోవడానికి పలకలతో విడగొట్టిన ఇరుకు అరలు. ఒక్కొక్క దానిలో రెండేసి కుటుంబాలు. అక్కడి రోగుల గృహంలో స్త్రీలు పరుపు లేకుండా, చినిగిన దుప్పట్లతో నేలమీదే పడి ఉండడం కూడా ఆమె చూసింది. నాలుగవ ప్రత్యయం సంగతి అది. ఆ దినచర్య 1863లో, అంతర్యుద్ధం నడుస్తుండగా అచ్చయింది.

లోపల బతికినవారి సాక్ష్యం ఇంకా కఠినమైనది. అపహరణకు గురై పన్నెండేళ్ళు బానిసగా ఉన్న సాలమన్ నార్తప్, లూసియానాలో తన పడక పన్నెండు అంగుళాల వెడల్పు పలక అనీ, తలగడ ఒక కట్టెముక్క అనీ రాశాడు. గుడిసెకు నేల లేదు, కిటికీ లేదు. ఫ్రెడరిక్ డగ్లస్ బాల్యం మేరీలాండ్‌లో గడిచింది. పెద్దలకు నెలకు 8 పౌన్ల పందిమాంసమో చేపలో, ఒక బుషెల్ మొక్కజొన్న పిండి ఇచ్చేవారని, పిల్లలకు ఏడాదికి రెండు ముతక చొక్కాలే దక్కేవని 1845లో వచ్చిన ఆయన ఆత్మకథ చెబుతుంది. మంచు రాత్రులలో ఆయన ధాన్యపు గోనెసంచిలో తలదూర్చి పడుకునేవాడు; బయట మిగిలిన పాదాలు చలికి పగిలిపోయేవి.

అన్ని తోటలూ ఒకేలా లేవన్నది నిజమే. దక్షిణ కరొలైనాలోని బూన్ హాల్‌లో కొన్ని బానిస ఇళ్ళు ఇటుకలతో కట్టినవి. అవి దొర ఇంటికి వెళ్ళే దారి పక్కన ఉన్నాయి. వచ్చే అతిథులకు కనపడాలి కదా! ఫ్లారిడాలోని కింగ్స్‌లీ తోటలో 32 ఇళ్ళను ఆల్చిప్పల సున్నం, ఇసుక కలిపిన అడుసుతో అర్ధవలయంగా కట్టారు. 1968లో చార్లెస్ ఫెయిర్‌బాంక్స్ అక్కడ తవ్వకాలు జరిపాడు. బానిసల బతుకును నేలలో వెతికే పరిశోధనకు అది తొలి అడుగులలో ఒకటి. ఇలాంటి చోట్ల దొరికిన చేపల, అడవిజంతువుల ఎముకలు, ఇచ్చిన తిండి చాలక వారు తామే వేటాడుకున్నారని తెలుపుతాయి. వర్జీనియా గుడిసెలలో నేల కింద చిన్న గుంతలు బయటపడ్డాయి. చిలగడదుంపలు దాచుకోవడానికి తవ్వినవి. సొంత వస్తువులూ అందులోనే. తాళం లేని ఇంట్లో అంతకుమించిన పెట్టె లేదు.

1840, 50 దశకాలలో తోటల యజమానులు వ్యవసాయ పత్రికలలో బానిస గృహాల గురించి చర్చించుకున్నారు. నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున కట్టాలి, సున్నం వేయాలి, కుటుంబానికొక ఇల్లు ఉండాలి అన్నారు. కారణం కరుణ కాదు. జబ్బుపడిన బానిస నష్టపెట్టే ఆస్తి. అదే ఆస్తి యజమాని చనిపోగానే గుర్రాలు, గొర్రెలు, పందులతో పాటు వరుసలో నిలబడి వెల కట్టించుకుంది. మరునాడు ఆ గుడిసెలో తల్లి ఉంటుందో, బిడ్డ ఉంటాడో తెలియదు.

ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని నల్లజాతి బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన బాబాసాహెబ్ 1946లో డ్యూ బోయిస్‌కు లేఖ రాశారు. బానిస ఆస్తి కనుక అతని ఆరోగ్యంపై యజమానికి స్వార్థమైనా ఉండేదని, అస్పృశ్యుడి విషయంలో ఎవరికీ ఆ బాధ్యత లేదని ఆయన వాదించారు. ఈ పోలికను బాధల పోటీగా చదవకూడదని నా అభిప్రాయం. ఒక తేడా మాత్రం గమనించాలి: అక్కడి బానిస వాడ ఓవర్సీయర్ చూపు మేరలో వరుసగా ఉండేది, ఇక్కడి పల్లె, గూడెం ఊరి చూపుకు వెలుపలికి నెట్టబడ్డాయి.

మనవైపు ఇబ్బంది కలిగించే విషయం ఒకటుంది. ప్రాణుల క్రయవిక్రయాన్ని ఉపాసకుడు చేయరాని వర్తకమన్నాడు బుద్ధుడు. అయినా బానిసకు ప్రవ్రజ్య ఇవ్వరాదనే నియమం మహావగ్గలో ఉంది. సామఞ్ఞఫల సుత్తంలో అజాతశత్రువు మాత్రం, తన బానిస శ్రమణుడైతే వెనక్కి రప్పించనని, లేచి నమస్కరిస్తానని ఒప్పుకుంటాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకదాన్ని దాచి మరొకదాన్ని చూపరాదు.

1881లో ఒక అమెరికన్ పత్రిక జార్జియాలోని బారో తోట పటాలు రెండు అచ్చువేసింది. 1860 పటంలో బానిసల గుడిసెలన్నీ దొర ఇంటి సమీపంలో ఒక్కచోట గుంపుగా ఉన్నాయి. 1881 పటంలో అవి లేవు. స్వేచ్ఛ పొందినవారు కౌలు చేసుకునే చెలకల్లో, వాగుల ఒడ్డున, ఎవరికివారు దూరదూరంగా ఇళ్ళు వేసుకున్నారు. భూమి ఇంకా బారో కుటుంబానిదే. కానీ పటంలో రెండు కొత్త గుర్తులున్నాయి: ఒకటి చర్చి, రెండవది బడి.