తన దారిని తానే పరచుకునే బండి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగినవారికి స్లీపరు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1891 నాటికి నాగపూర్ నుంచి అసన్సోల్ వరకు మార్గాన్ని పూర్తిచేసింది. ఆ మార్గంలోని బిలాస్‌పూర్‌కు పని వెతుక్కుంటూ వచ్చి తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడ్డాయి. అడవిలోని సాల కలప స్లీపర్లుగా మారి పట్టాల కిందికి చేరింది. స్లీపరు చేసే పని ఏమిటి? ఇంజను బరువు ఒక్కచోటే పడకుండా కంకర మీద, నేల మీద పరచడం.

మరి పట్టాలు లేని చోట బరువైన బండి నడవాలంటే ఎలా? బురదలో మనం పలక వేసుకుని దాటుతాం. దాటాక ఆ పలకనే తీసి మళ్లీ ముందు వేసుకుంటాం. ఈ పని బండే చేసుకుంటే? 1825లో ఇంగ్లండుకు చెందిన జార్జ్ కేలీ ఈ ఆలోచనకు పేటెంటు పొందాడు. దానికి ఆయన పెట్టిన పేరు 'సార్వత్రిక రైలుమార్గం'. పేరులోనే రైలు ఉందని గమనించండి.

ఆ ఆలోచన అడవిలో నిలదొక్కుకోవడానికి మరో 75 ఏళ్లు పట్టింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో దుంగలను మంచుదారుల మీద గుర్రాలు లాగేవి. ఆ శ్రమ తప్పించడానికి ఆల్విన్ లాంబార్డ్ 1901లో ఒక ఆవిరి యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. చూడటానికి అది రైలింజనే. కాని వెనక చక్రాల స్థానంలో ఇనుప పలకల చైను, ముందు మంచుపై జారే బద్దలు ఉండేవి. బ్రేకులు లేవు. చుక్కాని పట్టే మనిషి బాయిలరు ముందు, చలిలో కూర్చునేవాడు. పల్లంలో వెనక దుంగల బరువంతా తోసుకువస్తుంటే అతని ప్రాణం అతని చేతుల్లోనే ఉండేది.

1904లో కాలిఫోర్నియాలో బెంజమిన్ హోల్ట్, మెత్తని పొలాల్లో కూరుకుపోతున్న ఆవిరి ట్రాక్టరుకు చైను బిగించాడు. 1916 సెప్టెంబరులో ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలోకి బ్రిటిష్ ట్యాంకులు చైన్ల మీదే వచ్చాయి. నేడు బిలాస్‌పూర్ కేంద్రంగా పనిచేసే సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనుల్లోని బుల్డోజర్లు, మన రోడ్డు పనుల్లో కనిపించే పొక్లెయిన్లు ఆ వంశానివే.

లాంబార్డ్ యంత్రాలు సుమారు 83 తయారయ్యాయి. కాలం మారాక కొన్ని తుక్కు కిందికి పోయాయి, కొన్ని అడవిలోనే తుప్పుపట్టాయి. ఒకదానిని మెయిన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు మ్యూజియంవారితో కలిసి విప్పి, బాగుచేసి, తిరిగి నడిపించారు. పుస్తకంలో దొరకని సంగతులు వారికి ఆ యంత్రమే చెప్పింది: ఏ భాగం ఎక్కువ అరిగిందో, ఎక్కడ అతుకు వేశారో.

మీ ఊళ్లోనూ యార్డు మూలనో, సామిల్లు వెనకనో ఇలాంటి పాత యంత్రం ఉండవచ్చు. తుక్కు లారీ రాకముందే దాని కొలతలు రాసుకోండి. దానిపై పనిచేసిన తాతగారు ఉంటే, అడిగి తెలుసుకోండి. యంత్రాన్ని తూకానికి అమ్మేశాక ఆయన మాట ఒక్కటే మిగులుతుంది.