సున్నతి, శుద్ధి, విమోచన: బాలయేసు కథనంలో మూడు యూదు ఆచారాలు

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన ఈ కుటుంబాల్లో క్రైస్తవులూ ఉన్నారు. తెలుగు క్రైస్తవుల్లో సంఘాన్ని బట్టి కొందరు పసిబిడ్డకు బాప్తిస్మం ఇప్పిస్తారు, మరికొందరు ‘శిశు ప్రతిష్ఠ’ జరిపిస్తారు. ప్రతిష్ఠకు ఆధారంగా తరచుగా చూపేది లూకా సువార్త 2వ అధ్యాయం. యోసేపు, మరియ తమ బిడ్డను యెరూషలేము దేవాలయానికి తీసుకువచ్చిన వృత్తాంతం అందులో ఉంది. లూకా కొద్ది వచనాల్లో ముగించిన ఆ కథనంలో మూడు వేర్వేరు యూదు విధులు ఇమిడి ఉన్నాయి.

ఎనిమిదో రోజు

మొదటిది సున్నతి. అబ్రాహాముతో దేవుడు చేసిన నిబంధనకు గురుతుగా మగబిడ్డకు ఎనిమిదో రోజున ఇది జరగాలని ఆదికాండం 17వ అధ్యాయం చెబుతుంది. యేసు అనే పేరు పెట్టింది కూడా ఆ రోజే. బాప్తిస్మమిచ్చు యోహాను విషయంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. బంధువులు తండ్రి పేరైన జెకర్యా అని పిలవబోగా తల్లి ఎలీసబెతు అంగీకరించలేదు. తండ్రి పలక తెప్పించుకుని యోహాను అని రాశాడు. పాత నిబంధన కథల్లో బిడ్డకు సాధారణంగా పుట్టగానే పేరు పెట్టేవారు. సున్నతి నాడు నామకరణం జరిగేదని తెలిపే తొలి ఆధారాల్లో లూకా సువార్త ఒకటి.

నలభై రోజులు

రెండోది తల్లి శుద్ధి. లేవీయకాండం 12వ అధ్యాయం ప్రకారం మగబిడ్డ పుడితే 7 రోజులు, ఆపై 33 రోజులు, మొత్తం 40 రోజులు తల్లి ఆలయానికి దూరంగా ఉండాలి. ఆడబిడ్డ పుడితే ఆ గడువు 80 రోజులు. తెలుగు ఇళ్లలో పాటించే పురుటి మైల వంటిదే ఇది. చివర అర్పించే బలుల్లో ఒకదానికి పాపపరిహారార్థ బలి అని పేరున్నా, ప్రసవం పాపమని ధర్మశాస్త్రం ఎక్కడా చెప్పలేదు.

గడువు తీరాక తల్లి ఏడాది గొర్రెపిల్లను దహనబలిగా, ఒక పావురపు పిల్లను గానీ గువ్వను గానీ పాపపరిహారార్థ బలిగా తేవాలి. గొర్రెపిల్లను తేలేని పేదలకు రెండు గువ్వలు లేదా రెండు పావురపు పిల్లలు చాలు. లూకా పేర్కొన్నది ఈ రెండో అర్పణనే. ఆ కుటుంబం పేదదని విడిగా చెప్పకుండానే ఈ వివరం తెలియజేస్తుంది.

అయిదు తులాల వెండి

మూడోది తొలిచూలు కుమారుని విమోచన. ఐగుప్తు నుంచి విడుదలకు జ్ఞాపకంగా తొలి సంతానం దేవునిదని నిర్గమకాండం 13వ అధ్యాయం ప్రకటిస్తుంది. నెల నిండిన బిడ్డను అయిదు షెకెళ్ల వెండి చెల్లించి విడిపించుకోవాలని సంఖ్యాకాండం 18వ అధ్యాయం విధిస్తుంది. తెలుగు బైబిలు షెకెలును తులం అంటుంది. యూదు కుటుంబాల్లో ఈ ఆచారం నేటికీ సాగుతోంది.

లూకా ఈ వెండి ప్రస్తావన తేలేదు. శుద్ధికి గానీ విమోచనకు గానీ బిడ్డను ఆలయానికి తేవాలని లేవీయకాండం, సంఖ్యాకాండం కోరలేదు. అందుకే పలువురు వ్యాఖ్యాతలు ఈ ఘట్టంలో సమూయేలు కథ ఛాయను చూస్తారు. కన్నీటితో అడిగి పొందిన కుమారుణ్ణి హన్నా షిలోహులోని మందిరంలో దేవునికి అప్పగించింది. మరియ మాత్రం బిడ్డతో ఇంటికి తిరిగి వెళ్లింది. అయితే వెళ్లేముందు, ఆమె హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందన్న సుమెయోను మాట విన్నది. 84 ఏళ్ల ప్రస్తావనతో లూకా పరిచయం చేసిన ప్రవక్త్రి అన్న కూడా అక్కడే బిడ్డను చూసింది.

నేటి ఆచరణ

అన్యజనులకు సున్నతి అవసరం లేదని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలోని యెరూషలేము సభ తేల్చింది. అందువల్ల తెలుగు క్రైస్తవుల్లో ఆ ఆచారం లేదు. కథనం మాత్రం పండుగల రూపంలో నిలిచింది. నామకరణాన్ని ఆంగ్లికన్, లూథరన్ సంప్రదాయాలు జనవరి 1న స్మరిస్తాయి. క్రిస్మస్ నుంచి నలభయ్యో రోజైన ఫిబ్రవరి 2న కథోలికులు కొవ్వొత్తులను ఆశీర్వదించి సమర్పణ పండుగ జరుపుతారు. యెరూషలేములో ఈ పండుగ 4వ శతాబ్దం చివరికే ఉందని ఎగేరియా అనే యాత్రికురాలి రచన చెబుతోంది.

కథోలిక, లూథరన్ సంఘాలు, దక్షిణ ఇండియా సంఘం, ఉత్తర భారత సంఘం శిశువులకు బాప్తిస్మం ఇస్తాయి. విశ్వాసం ఒప్పుకున్నాకే బాప్తిస్మం ఇచ్చే బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో శిశు ప్రతిష్ఠ జరుగుతుంది. ఇందులో బలి లేదు, విమోచన వెల లేదు, తల్లికి శుద్ధి విధి లేదు. మగబిడ్డ, ఆడబిడ్డ అన్న తేడా గానీ, తొలిచూలు అన్న నియమం గానీ లేవు. బిడ్డను దైవభక్తిలో పెంచుతామని తల్లిదండ్రులు సంఘం ఎదుట మాట ఇస్తారు. ఆ విధంగా నేటి ప్రతిష్ఠ ధర్మశాస్త్ర విధుల కన్నా హన్నా చేసిన అర్పణకే దగ్గరగా ఉంది.