మంథని

పెద్దపల్లి జిల్లాలో గోదావరి కుడి ఒడ్డున ఉన్న ప్రాచీన పట్టణం, రెవెన్యూ డివిజన్ కేంద్రం. సింగరేణి బొగ్గు గనుల ప్రాంతం నుంచి, ఆదివరాహస్వామి బండపై వెలసిన కమాన్‌పూర్ మీదుగా తూర్పుకు వెళ్తే వస్తుంది.

మంత్రపురి అన్న పేరు దీనికి ఊరికే రాలేదు. తరతరాలుగా వేదం చదివి, చెప్పిన పండితుల ఊరిది. ఊళ్లో శీలేశ్వర, సిద్ధేశ్వర, ఓంకారేశ్వర, మహాలక్ష్మి ఆలయాలున్నాయి. నది ఒడ్డున గౌతమేశ్వరాలయం. కార్తీకంలో భక్తులు రేవులో మునిగి, తడిబట్టలతోనే శివుడికి చెంబెడు నీళ్లు పోస్తారు.

మంథనిలాగే నది ఒడ్డునే, జర్మనీలో రెగ్నిట్జ్ పక్కన ఉన్న బాంబెర్గ్ పాతపట్నాన్ని యునెస్కో 1993లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సంరక్షణలో అంతటి శ్రద్ధ మంథనికీ దక్కాలి.

పి.వి. నరసింహారావు 1957 నుంచి 1977 దాకా ఇక్కడి శాసనసభ్యుడే.